చీటీ మీద చీటీ

మావయ్య పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున అత్తయ్య తాళాలగుత్తి నా చేతిలో పెట్టింది. "కిందకెళ్లి ఒకసారి షట్టర్ తీసి చూడవే. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నాకేం తెలుసు. పాత సామాన్లవాడు మధ్యాహ్నం వస్తానన్నాడు" అంది.

తెనాలిలో బోసు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, ఇంటి కిందే ఆ గది. షట్టర్ సగందాకా లేచి ఆగింది. అప్పుడూ అంతే. ఎడమ పక్క కింద కాలితో ఒక్కటి తన్నాలి. ఇన్నేళ్ల తర్వాత కూడా నా కాలు అడక్కుండానే అక్కడికి వెళ్లింది.

ముందు వేడి గాలి వచ్చింది, దాని వెనకే వాసన. చెమ్మకి ఉబ్బిన ప్లైవుడ్, ఎలుకలు, ఎప్పుడో వెలిగించిన అగరొత్తుల నుసి, వాటన్నిటి అడుగున యూపీఎస్ బ్యాటరీల పుల్లటి వాసన. ఆ పులుపు గొంతుకి తగలగానే నాకు మళ్లీ ఇరవై రెండేళ్లు వచ్చేశాయి. డిగ్రీ అయిపోయి, ఇంట్లో సంబంధాలు చూస్తున్న రోజులు. "ఖాళీగా కూర్చుని టీవీ చూడ్డం దేనికి, నా సెంటర్లో కూర్చో" అని మావయ్య పిలిచాడు. రెండు నెలలకని వెళ్లినదాన్ని ఎనిమిదేళ్లు ఉన్నాను. సంబంధాలు వాటి దారిన అవి వచ్చాయి, పోయాయి.

*

బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో గొప్ప పేరే ఉండేది గానీ ఊళ్లో అందరికీ అది నెట్ సెంటర్. ఏడు క్యాబిన్లు. మొదట్లో వాటికి కర్టెన్లు ఉండేవి. పోలీసులు వచ్చి తీయించారు. తర్వాత వాళ్లే వచ్చి, వచ్చినవాళ్ల పేరూ అడ్రసూ రాసే రిజిస్టర్ పెట్టించారు. ఆ రిజిస్టర్ నా బాధ్యత.

పొద్దున ఎనిమిదిన్నరకి గడప కడిగి, చిన్న ముగ్గేసి, మెయిన్ స్విచ్ పైన ఉన్న వినాయకుడికి అగరొత్తి వెలిగించేదాన్ని. ఆ తర్వాత మెషీన్లు ఒక్కొక్కటే ఆన్ చేయాలి. అన్నీ ఒకేసారి వేస్తే యూపీఎస్ కూతపెట్టి పడిపోయేది. ఒక దాని ఫ్యాన్ మోత సర్దుకున్నాక రెండోది. ఏడూ లేచేసరికి గదంతా తేనెతుట్టె లాగా ఝుమ్మనేది.

అప్పుడు మోడెం, అంటే ఫోన్ లైను మీద నెట్ తెచ్చే డబ్బా. ముందు టకటకా నంబరు నొక్కుకునేది. తర్వాత ఒక కీచు కూత, అవతలి నుంచి దానికి జవాబుగా ఇంకో కూత, ఆపైన కాసేపు ఇద్దరూ తిట్టుకుంటున్నట్టు గరగర, చివరికి నిశ్శబ్దం. నిశ్శబ్దం వచ్చిందంటే కనెక్టయినట్టు. ఆ ఒక్క లైనునే అన్ని మెషీన్లకీ పంచేవాళ్లం. ఒక క్యాబిన్లో ఎవరైనా ఫొటో తెరిస్తే మిగతా క్యాబిన్లలో తలలు పైకి లేచేవి. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టాక మా సందులోకి లైను రావడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. 256 కేబీపీఎస్. ఆ రోజు మావయ్య అందరికీ జిలేబీ పంచాడు.

*

రోజూ వచ్చేవాళ్లలో నాకు బాగా గుర్తున్నది మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కొడుకు న్యూజెర్సీలో. సాయంత్రం నాలుగింటికి గొడుగుతో వచ్చి, మూడో క్యాబిన్ ఖాళీ లేకపోతే ఖాళీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చునేవారు. పక్క క్యాబిన్ ఇస్తానంటే వద్దనేవారు. "నాకు మూడోదే చేతికి అలవాటమ్మాయ్."

ఆయన నెట్ నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఇంగ్లీషు రాక కాదు, బటన్ల పేర్లు ఆయనకి అనవసరం. చోటుతో గుర్తుపెట్టుకునేవారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 (పొట్టిగా ఐఈ 6) అనే బ్రౌజర్లో పైన వరసగా వెనక్కి, ముందుకి, స్టాప్, రిఫ్రెష్, హోమ్ ఉండేవి. మాస్టారి లెక్కలో అవి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. "నాలుగోది నొక్కితే కొత్త ఉత్తరాలు వస్తాయి. మూడోది నొక్కితే ఆగుతుంది. రెండోదానితో నాకు పని లేదు."

ఆయన కోసం నేను ఒక చీటీ రాశాను. రూళ్ల కాగితం ముక్క మీద స్కెచ్ పెన్నుతో 'నాలుగోది - కొత్త ఉత్తరాలు' అని, ఇంకో రెండు లైన్లూ రాసి మూడో మానిటర్ కింది అంచుకి సెల్లోటేపుతో అంటించాను. అది చూసి దుబాయ్‌లో భర్త ఉన్న ఒకావిడ తనకీ కావాలంది. తర్వాత ఇంకొకరు. నెల తిరిగేసరికి ఏడు మానిటర్లకీ చీటీలే. "ఇది నెట్ సెంటరా, రేషన్ షాపా" అని మావయ్య నవ్వేవాడు గానీ తీయమని మాత్రం అనలేదు.

కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్లు ఐఈ 6ని తిట్టినంతగా దేన్నీ తిట్టి ఉండరు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2001 ఆగస్టులో తెచ్చింది, దాని తర్వాతది వచ్చేసరికి 2006 అక్టోబరు. పోటీగా ఉన్న నెట్‌స్కేప్ అప్పటికే చతికిలబడింది, ఇక మెరుగు పెట్టాల్సిన తొందర ఎవరికుంటుంది? వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లకి ఆ ఐదేళ్లూ నరకమని తర్వాత నాకు ఉద్యోగంలో తెలిసింది. కానీ మా సెంటర్ సంగతి వేరు. ఐదేళ్లపాటు ఒక్క బటనూ జరగలేదు. అరవై ఏళ్లు దాటిన మనిషికి ఒక పనిముట్టు చేతికి పట్టుబడడానికి ఆ మాత్రం టైం కావాలి. మా మాస్టారూ, దుబాయ్ ఆవిడా నెట్ నేర్చుకున్నారంటే అందులో నా ఓపిక కొంత, ఆ కంపెనీ బద్ధకం కొంత.

*

"స్లోగా ఉందమ్మా."

ఎనిమిదేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఆ ఒక్క మాటకి ఎన్ని అర్థాలో. వాన పడి లైన్లో గొరగొర వస్తే స్లో. కుర్రాళ్లు ఏవేవో టూల్‌బార్లు దించుకుని, సగం స్క్రీన్ బటన్లే అయిపోతే స్లో. 128 ఎంబీ ర్యామ్ ఉన్న మెషీన్లో మెసెంజరూ, పాటా, నాలుగు కిటికీలూ కలిపి తెరిస్తే స్లో. అవతల సైటే చచ్చిపోయినా మా సెంటరే స్లో. గంటకి ఇరవై రూపాయలు ఇచ్చేవాళ్లకి గోడ గడియారం తప్ప అన్నీ స్లోగానే కనిపిస్తాయి కదా.

ఫలితాల రోజు సంగతి చెప్పాలి. ఇంటర్ రిజల్ట్స్ అంటే సందు మొదటిదాకా సైకిళ్లు. లోపల ఒక్కో మెషీన్ ముందు పదిమంది. హాల్‌టికెట్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కాక అసలు నాటకం మొదలయ్యేది. పేజీ తెల్లగా ఉండిపోయేది. అప్పుడు అందరి కళ్లూ స్క్రీన్ కింది అంచు మీదే. అక్కడ బ్రౌజర్ తనేం చేస్తోందో చెప్పేది: సైటుని వెతుకుతున్నా, దొరికింది, జవాబు కోసం ఎదురుచూస్తున్నా. పక్కనే చిన్న చిన్న గళ్లు ఒక్కొక్కటే నిండేవి. పైన కుడిమూల బొమ్మ కదులుతూ ఉండేది. "మూడు గళ్లొచ్చాయ్", "ఐదొచ్చాయ్" అని వెనకున్నవాళ్లు క్రికెట్ స్కోరు లాగా చెప్పేవాళ్లు. మధ్యలో ఎవడో ఓపిక పట్టలేక ఎఫ్5 కొట్టేవాడు. గళ్లన్నీ మళ్లీ సున్నా. వాడి వీపు మీద పదిమంది చేతులు పడేవి.

ఒకసారి ఒక పిల్ల, పొడుగాటి జడ, నంబరు నాకు చెప్పి గోడ వైపు తిరిగి నిలబడింది. పేజీ వచ్చినా తిరగలేదు. "పాసయ్యావ్" అన్నాక కూడా తిరగలేదు. "కింద డన్ అని పడిందా అక్కా?" అని అడిగింది. పేజీ మొత్తం రాకుండా నేను తప్పు చదివేశానేమోనని దాని భయం.

ఆ కింది పట్టీని స్టేటస్ బార్ అనేవాళ్లు. 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చినప్పుడు అందులో ఆ పట్టీ శాశ్వతంగా లేదు; అవసరమైనప్పుడు మూలన కాసేపు కనబడి మాయమయ్యేది. 2011 మార్చిలో ఐఈ 9, ఇంకో బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ 4 దాదాపు ఒకే వారంలో వచ్చాయి. రెండిట్లోనూ మామూలుగా తెరిస్తే కింది పట్టీ కనబడదు. పేజీకి చోటు పెరిగిందన్నారు. పెరిగిన మాట నిజమే. అయితే యంత్రం బతికుందో లేదో చూసుకునే నాడి కూడా ఆ పట్టీతోనే పోయింది. ఇవాళ్టికీ ఏదైనా పేజీ ఆగిపోతే నా కళ్లు ముందు కింది అంచుకే వెళ్తాయి. అక్కడ ఏమీ ఉండదు.

*

మావయ్య రెండు కొత్త మెషీన్లు కొన్నాడు, అసలు సిసలు విండోస్ సీడీతో సహా. వాటిలోకి ఐఈ 7 వచ్చింది. వచ్చిన సంగతి మాకెవరికీ తెలియదు. అందులో ఒకటి మూడో క్యాబిన్లో ఉంది.

నాలుగ్గంటలకి మాస్టారి గొంతు. "అమ్మాయ్! నాలుగోది లేదు."

వెళ్లి చూశాను. నాలుగోదే కాదు, మూడోదీ లేదు. వెనక్కి, ముందుకి మాత్రం గుండ్రంగా మారి ఎడమ పక్క ఉన్నాయి. రిఫ్రెష్, స్టాప్ అడ్రస్ పట్టీ దాటి కుడి పక్కకి పోయాయి. పైన ఫైల్, ఎడిట్ వరస మొత్తం మాయం. మాస్టారు మౌస్ మీంచి చెయ్యి తీసేసి, తను ఏదో పగలగొట్టినట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "నేనేం నొక్కలేదమ్మా. నిన్నటిలాగే వచ్చి కూర్చున్నాను, అంతే."

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. బటన్ జరిగితే కుర్రాళ్లు బ్రౌజర్‌ని తిడతారు. పెద్దవాళ్లు తమనే అనుమానించుకుంటారు.

ఆ వారమంతా నాకు అదే పని. ప్రింట్ ఎక్కడికి పోయిందని ఒకరు, కంప్యూటర్ మార్చేశారా అని ఒకరు, వైరస్ పడిందేమోనని ఇంకొకరు. ఆల్ట్ నొక్కితే పాత మెనూ కాసేపు కనబడుతుందని నాకూ మూడోరోజుకి గానీ తెలియలేదు. పాత చీటీ మీదే కొత్త చీటీ అంటించాను: 'గుండ్రం బాణాలు కుడి పక్క - కొత్త ఉత్తరాలు.' మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, "అంటే ఇక లెక్కపెట్టక్కర్లేదన్నమాట" అన్నారు. ఆ గొంతులో బెంగ వినిపించింది నాకు. లెక్కల మాస్టారు కదా.

ఏడాది తిరిగాక, 2007 అక్టోబరులో, ఐఈ 7ని సవరించి మళ్లీ విడుదల చేశారు. ఈసారి మెనూ పట్టీ మొదటినుంచే కనబడేలా పెట్టారు. ఎక్కడో ఎవరో గట్టిగా మొత్తుకునే ఉంటారు. మావాళ్ల మొర మాత్రం నా కౌంటర్ దాకా వచ్చి ఆగిపోయింది. నేనెవరికి చెప్పను? రిజిస్టర్లో 'రిమార్కులు' అని ఒక గడి ఉండేది; అందులో రాశాను.

*

ఫైర్‌ఫాక్స్‌ని మా సెంటర్‌కి తెచ్చింది ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడు, పెన్‌డ్రైవ్‌లో. దాని పేరు ముందు ఫీనిక్స్ అనీ, తర్వాత ఫైర్‌బర్డ్ అనీ, ఆ పేర్లు అప్పటికే వేరేవాళ్లవి కావడంతో 2004లో ఫైర్‌ఫాక్స్ అయిందనీ, బారసాలకి వచ్చిన మేనమామలా కథ చెప్పాడు. ట్యాబులు చూసి నేను ముచ్చటపడ్డాను. అడక్కుండా తెరుచుకునే ప్రకటనల కిటికీల్ని అది ఆపేస్తుంటే మావయ్య ముచ్చటపడ్డాడు.

అందులో తెలుగు చదవడం మాత్రం ఒక తతంగం. విండోస్ ఎక్స్‌పీలో ముందు రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్లి, సీడీ పెట్టి, తెలుగులాంటి సంక్లిష్ట లిపుల టిక్కు కొట్టాలి. లేకపోతే అక్షరాలకి బదులు డబ్బాలు. అప్పట్లో పత్రికల సైట్లు చాలావరకు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. ఈనాడు ఐఈలో తెలుగులా కనబడేది, ఫైర్‌ఫాక్స్‌లో పిచ్చిగీతల్లా ఉండేది. 'పద్మ' అని బ్రౌజర్‌కి తగిలించుకునే ఒక యాడ్-ఆన్ వచ్చి దాన్ని అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్‌లోకి మార్చి చూపించాక నేను ఆ పేజీ తెరిచి మావయ్యని కేకేశాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, "ఇదేంటే, ఇందులో కూడా పేపరొచ్చింది!" అన్నాడు.

ఫైర్‌ఫాక్స్ 2లో ఇంకో తమాషా ఉండేది. రెండు వైపులా అంచులు సమంగా సర్దిన పేరా అయితే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పడేవి. 'స్త్రీ' మూడు ముక్కలయ్యేది. తెలుగులో రాసేవాళ్లు ఒకరికొకరు "అంచులు సర్దకండి, ఎడమకి వదిలెయ్యండి" అని చెప్పుకునేవాళ్లు. మూడో వెర్షన్‌తో ఆ బాధ తీరింది. ఆ మూడో వెర్షన్‌కే 2008 జూన్ 17న 'డౌన్‌లోడ్ డే' పెట్టారు. ఇరవై నాలుగ్గంటల్లో 80 లక్షలకి పైగా దించుకున్నారని గిన్నిస్ రికార్డు ఇచ్చారు. అందులో మూడు మావి. ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలు. రికార్డులో మా తెనాలి పేరుండదు గానీ మావయ్య వారంపాటు చెప్పుకున్నాడు.

చెప్పుకున్న వారం కూడా పూర్తిగా నిలవలేదు. ఆ మూడో వెర్షన్‌లో అడ్రస్ పట్టీకి కొత్త తెలివి వచ్చింది. ఒక్క అక్షరం కొడితే చాలు, అంతకుముందు చూసిన పేజీల్లో పేరులో ఎక్కడ ఆ అక్షరం ఉన్నా వరసగా పేర్చి చూపించేది. ఇంట్లో ఒక్కళ్లే వాడుకునే కంప్యూటర్‌లో అది వరం. నెట్ సెంటర్లో? మాస్టారు మెయిల్ కోసం ఒక అక్షరం కొట్టారు. అంతకుముందు ఆ క్యాబిన్లో కూర్చున్న కాలేజీ కుర్రాడు రెండు గంటలపాటు ఏం చూశాడో బొమ్మలతో, పేర్లతో సహా జాబితా పడింది.

మాస్టారు మెల్లగా లేచి వచ్చారు. కౌంటర్ దగ్గర మావయ్య చెవిలో ఏదో చెప్పారు. మావయ్య ముఖం ఎర్రబడింది. నన్ను బయటికెళ్లి టీ చెప్పి రమ్మన్నాడు. నేను వచ్చేసరికి ఇద్దరూ మూడో క్యాబిన్లో తలలు దూర్చి అన్నీ చెరిపేస్తున్నారు. "ఇదేం బ్రౌజరే! ఊళ్లో వాళ్ల గుట్టంతా పైనే వేలాడదీస్తోంది" అన్నాడు మావయ్య. తప్పు దానిది కాదు, ఒకళ్లు లేవగానే హిస్టరీ చెరపని మాది. ఆ రోజునుంచి నా పనుల్లో ఇంకోటి చేరింది. ఆ కాలేజీ కుర్రాడికి నాలుగో క్యాబిన్, అంటే కౌంటర్ ఎదురుగా ఉన్నది, పర్మనెంటయింది.

కుర్రాళ్ల ఫిర్యాదు వేరే. ఫైర్‌ఫాక్స్ మెమరీ తినేస్తోందని. పొద్దున తెరిచింది సాయంత్రానికి బరువెక్కి, మౌస్ కదిపితే చేతికి తగిలినట్టుండేది. అప్పట్లో ప్రపంచమంతా అదే గోల. వెనక్కి నొక్కగానే చప్పున పేజీ రావాలని 1.5వ వెర్షన్ నుంచి చూసిన పేజీల్ని మెమరీలో దాచుకోవడం మొదలుపెట్టారు. కారణాల్లో అదొకటి. మా 256 ఎంబీ మెషీన్లలో దాచుకోవడానికి చోటెక్కడ? మధ్యాహ్నం ఒంటిగంటకి, సెంటర్ ఖాళీగా ఉన్నప్పుడు, అన్నిట్లోనూ మూసి తెరిచేదాన్ని. భోజనం డబ్బా తెరవడానికి ముందు అదొక అలవాటు.

*

నెట్ సెంటర్లకి గండి పడింది బ్రౌజర్ల వల్ల కాదు, జేబులో ఫోన్ల వల్ల. నోకియా ఫోన్లలో ఓపెరా మినీ అనే చిన్న బ్రౌజర్ వేయించుకోవడానికి పిల్లలు మా దగ్గరికే వచ్చేవాళ్లు. పేజీని ముందు ఓపెరా వాళ్ల సర్వర్ తెచ్చుకుని, నలిపి చిన్నది చేసి పంపేది. అందుకే ముక్కుతూ మూలుగుతూ నడిచే లైను మీద కూడా తెరుచుకునేది. తెలుగు మాత్రం డబ్బాలే. దానికో కిటుకు ఉండేది. అడ్రస్ దగ్గర ఓపెరా, కోలన్, కాన్ఫిగ్ అని కొడితే ఒక రహస్యపు పేజీ. చివరికంటా జరిగితే సంక్లిష్ట లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్న ప్రశ్న. 'ఎస్' పెట్టి సేవ్ చేస్తే తెలుగు బొమ్మలుగా దిగేది. ఎంతమంది ఫోన్లలో చేశానో లెక్కలేదు. మావయ్య పది రూపాయలు తీసుకోమనేవాడు. చదువుకునే పిల్లలకి నేను ఉచితంగానే చేసేదాన్ని. ఆయనకీ తెలుసు.

అలా వాళ్ల చేతుల్లో వాళ్లకి నెట్ పెట్టి, మా బెంచీ మేమే ఖాళీ చేసుకున్నాం. ఏడు మెషీన్లు నాలుగయ్యాయి. ఫైర్‌ఫాక్స్ 4 వచ్చి, ట్యాబులు అడ్రస్ పట్టీ పైకి ఎక్కేసరికి చీటీలు మార్చమని అడగడానికి మాస్టారు తప్ప ఎవరూ మిగల్లేదు. ఆయనకీ కొడుకు ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. దాన్ని సంచిలో పెట్టుకుని రిక్షాలో సెంటర్‌కే తెచ్చారు. "దీనికీ ఒక చీటీ అంటించమ్మా." రాసిచ్చాను. ఆ తర్వాత ఏడాదికి నేను హైదరాబాద్ వచ్చేశాను. మాస్టారు పోయి చాలా కాలమైంది.

*

ఇప్పుడు నాది కూకట్‌పల్లిలో టెస్టింగ్ ఉద్యోగం. బటన్ ఎక్కడ పెడితే జనం ఎక్కువ నొక్కుతారో లెక్కలేసే మీటింగుల్లో నేనూ కూర్చుంటాను. "పాతవాళ్లు గొడవ చేస్తారు" అని ఎవరో ఒకరు అంటారు. "రెండు వారాల్లో అలవాటు పడతారు" అని ఇంకొకరు. నిజమే, పడతారు. మాస్టారూ పడ్డారు. ఒకసారి ఉండబట్టలేక మాస్టారి సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. బటన్ జరిగింది.

ఫైర్‌ఫాక్స్ ఆరు వారాలకో వెర్షన్ చొప్పున పరుగెత్తింది. 2014 ఏప్రిల్‌లో 29వది వచ్చి ట్యాబుల మూలలు గుండ్రం చేసింది. క్రోమ్‌ని కాపీ కొట్టారని గొడవ. పాత రూపం తిరిగి తెచ్చే యాడ్-ఆన్‌ని లక్షలమంది వేసుకున్నారు. 2017 నవంబరులో 57వది వచ్చినప్పుడు పాత పద్ధతి యాడ్-ఆన్‌లన్నీ, ఆ రూపం తెచ్చేదానితో సహా, పనిచేయడం మానేశాయి. ట్యాబుల్ని వేర్వేరు ప్రాసెస్‌లుగా విడగొట్టి వేగం పెంచడానికి పాత యాడ్-ఆన్‌లు అడ్డుపడ్డాయి, అందుకని. వేగం పెరిగింది కూడా, కాదనను. మా కుర్రాళ్లు అన్నేళ్లు గోలపెట్టింది ఆ వేగం కోసమే కదా. మళ్లీ 2021 జూన్‌లో 89వది వచ్చి ట్యాబుల్ని గుండీల్లా చేసింది. అప్పటికి నేనే అలవాటు పడిపోయి, ఎవరైనా తిడుతుంటే "రెండు వారాలాగు" అనేదాన్నయ్యాను.

2018 ఫిబ్రవరిలో ఒకరాత్రి మావయ్య ఫోన్ చేశాడు. "మన జ్ఞా అక్షరం ఐఫోన్లని పడగొడుతోందటగా!" అని ఒకటే నవ్వు. నిజమే, ఐఓఎస్ 11లో ఆ అక్షరం మధ్య కంటికి కనబడని ఒక గుర్తు చేరితే యాప్‌లు కూలిపోయేవి. కొద్దిరోజుల్లో సరిచేశారు. "అన్నేళ్లు మనకి డబ్బాలు చూపించారు, ఒక్క జ్ఞా వాళ్లకి చూపించాం" అన్నాడు. ఆ నవ్వు చివర దగ్గొచ్చింది. అప్పుడు పట్టించుకోలేదు.

2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మద్దతు ఆపేశారు. దక్షిణ కొరియాలో ఒక ఇంజినీరు దానికి నిజంగానే సమాధిరాయి చెక్కించాడు. వేరే బ్రౌజర్లు దించుకోవడానికి మంచి పనిముట్టు అని దాని మీద రాయించాడు. ఆ ఫొటో మావయ్యకి పంపాను. జవాబు రాలేదు. మర్నాడు ఫోన్‌లో, "ఎంత లేదన్నా మనకి అన్నం పెట్టిందే" అన్నాడు.

*

పాత సామాన్లవాడు ట్రాలీ ఆటోతో వచ్చాడు. మానిటర్లు కిలోల లెక్కన కాదు, ఒక్కోటి ఇంతని తీసుకుంటానన్నాడు. అత్తయ్య మెట్ల మీద నిలబడి బేరమాడింది. నేను మూడో క్యాబిన్లోకి వెళ్లాను.

చీటీ అలాగే ఉంది. సెల్లోటేపు తేనెరంగుకి తిరిగి, గట్టిపడి, అంచులు లేచి ఉంది. గోటితో తీయబోతే పైపొర ఊడి వచ్చింది. 'ట్యాబులు పైన, అడ్రస్ కింద.' దాని కింద ఇంకోటి. 'ఒకళ్లు లేవగానే హిస్టరీ చెరపాలి', ఇది నా కోసం నేను రాసుకున్నది. దాని కింద గుండ్రం బాణాలది. సిరా అలుక్కుపోయింది. అన్నిటికన్నా అడుగున రూళ్ల కాగితం. అది జిగురుతో ప్లాస్టిక్‌లో కలిసిపోయినట్టుంది. జాగ్రత్తగా లాగినా సగమే వచ్చింది. నా చేతిలో 'కొత్త ఉత్తరాలు' మిగిలింది.

"అయిందా మేడం?" అని వాడు వెనకనించి అడిగాడు. పక్కకి జరిగాను. మానిటర్‌ని పొట్టకి ఆనించుకుని ఎత్తి, బయటికి తీసుకెళ్లి, ట్రాలీలో స్క్రీన్ ఇటువైపుకి పెట్టి తాడు బిగించాడు. ఆటో సందు మలుపు తిరిగేదాకా కింది అంచున తెల్లగా కనిపిస్తూనే ఉంది, 'నాలుగోది' అన్న ముక్క.